సెయింట్ లూయిస్‌లో ఒకటిన్నర రోజు

అమెరికాలోని ఈ ఊళ్లో అమ్మానాన్నలతో ఒకటిన్నర రోజే ఉంటాం, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు, ఏం చూపించాలి అని అడిగారు కదండీ. టెన్షన్ పడకండి.

మొదట గేట్‌వే ఆర్చ్, అంటే నది ఒడ్డునున్న పెద్ద స్టీలు కమాను. టికెట్లు ముందే ఆన్‌లైన్‌లో కొనేయండి. దాని లోపల పైకెళ్లే ట్రామ్ డబ్బాకి తలుపు బాగా పొట్టి. వంగి దూరి, ఐదుగురు మోకాళ్లు తగిలేలా కూర్చోవాలి. నాలుగు నిమిషాల్లో 630 అడుగుల ఎత్తుకి చేరతారు. చిన్న కిటికీ మీదికి వాలి చూస్తే కింద మిసిసిపీ నది! కానీ మెట్లు తప్పవు. నాన్నగారు ఎక్కలేకపోతే కిందున్న మ్యూజియం చూడొచ్చు, దానికి టికెట్ అక్కర్లేదు.

మర్నాడు ఫారెస్ట్ పార్క్. జూ, ఆర్ట్ మ్యూజియం రెండూ ఉచితమే. సోమవారం మాత్రం మ్యూజియం ఉండదు.

ఇక్కడి ఫ్రోజెన్ కస్టర్డ్ తప్పక తినండి, ఐస్‌క్రీమ్ లాంటిదే. అందులో గుడ్డు వేస్తారు, అమ్మగారు గుడ్డు తినకపోతే ఆవిడకి ముందే చెప్పండి.