యువ రచయితకు లేఖ: సినిమాకు ముందు కదిలిన బొమ్మల గురించి

తమ్ముడూ,

నీ వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు. పేర్లు, సంవత్సరాలు దాదాపు సరిగ్గానే ఉన్నాయి. కానీ మూడో పేరా దాటేసరికి రైలు కిటికీలోంచి స్టేషన్ బోర్డులు చదువుతున్నట్టు అనిపించింది. రెండు వైపులా బొమ్మలున్న బిళ్లను దారంతో తిప్పే థామట్రోప్ వచ్చింది, పోయింది. చీలికలున్న డ్రమ్ములోంచి బొమ్మలు చూసే జోయిట్రోప్ వచ్చింది, పోయింది. బండి మాత్రం 1895లో తెర మీద సినిమా చూపించిన లూమియేర్ సోదరుల దగ్గర ఆగడానికే పరుగెడుతోంది.

చిక్కంతా అక్కడే ఉంది. బెల్జియంలో జోసెఫ్ ప్లాటో 1833లో బొమ్మలు కదిలినట్టు చూపే తన చక్రం గురించి ప్రకటించింది సినిమాకు దారి వేద్దామని కాదు. చూపు ఎలా పనిచేస్తుందో తేల్చుకోవాలనుకున్న భౌతిక శాస్త్రవేత్త ఆయన. దాదాపు అదే సమయంలో వియన్నాలో సైమన్ స్టాంఫర్ కూడా, ఆయనతో సంబంధం లేకుండా, అలాంటి చక్రమే చేశాడు. వాళ్ల పనిని 'తొలి మెట్టు' అన్నావంటే పాఠకుడు దాని మీద కాలు పెట్టి పైకి వెళ్లిపోతాడు, కిందికి చూడడు.

'చక్రం తిప్పితే బొమ్మలు కదులుతాయి' అని ఒక్క ముక్కలో తేల్చేశావు. ఊరికే తిప్పితే కదలవు, అలుక్కుపోతాయి. ప్లాటో చక్రం మీద గుండ్రంగా తిరిగే నాట్యకత్తె బొమ్మలు 16 ఉన్నాయి, ఒక్కోదానిలో భంగిమ కాస్త కాస్త మారుతుంది. చక్రానికి సన్నటి చీలికలు ఉంటాయి. బొమ్మల వైపు అద్దానికి ఎదురుగా పెట్టి, వెనకనుంచి ఆ చీలికల్లోంచి అద్దంలోకి చూస్తూ తిప్పాలి. చీలిక కంటి ముందుకు వచ్చిన క్షణంలోనే బొమ్మ కనబడుతుంది. మరో చీలిక వచ్చేదాకా అట్ట అడ్డం. ఆలోగా తర్వాతి బొమ్మ ముందు బొమ్మ ఉన్న చోటికే వచ్చేస్తుంది. అందుకే ఆమె కదిలి పోకుండా ఉన్నచోటే గిర్రున తిరుగుతుంది. ఎంతసేపు తిప్పినా అంతే, మొదలూ లేదు, చివరా లేదు.

అట్ట కత్తిరించి నువ్వే ఒకటి చేసి చూడు. వీడియో చూసి రాస్తే ఒక విషయం తప్పిపోతుంది: చీలికల వల్ల బొమ్మ ఎంత మసగ్గా కనిపిస్తుందో. అది నీ కంటికి తెలిస్తేనే ఫ్రాన్స్‌లో ఎమిల్ రేనో 1877లో ఏం సాధించాడో అర్థమవుతుంది. ఆయన బొమ్మల పట్టీని డ్రమ్ము లోపల అమర్చి తిప్పే తన ప్రాక్సినోస్కోప్‌లో చీలికలు తీసేసి, మధ్యలో చుట్టూ అద్దాలు నిలబెట్టాడు. బొమ్మ ప్రకాశవంతంగా కనిపించింది. అంత వెలుగు దొరికాకే దాన్ని తెర మీదికి పంపే ఆలోచన సాగింది.

రెండు చిన్న సవరణలు. కంటి మీద బొమ్మ కాసేపు నిలవడం వల్లే కదలిక కనిపిస్తుందన్నావు. 19వ శతాబ్దం వాళ్లు అలాగే అనుకున్నారు. కానీ నిలవడం ఒక్కటే అయితే బొమ్మలు ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అయ్యేవి. కదలికను అల్లేది మెదడు. ఇక, ప్లాటో సూర్యుణ్ణి చూసి గుడ్డివాడయ్యాడన్న కథ తీసెయ్. 1829లో ఆయన అలా చూసిన మాట నిజమే. చూపు పూర్తిగా పోయింది మాత్రం 1840లలో, కంటి లోపలి జబ్బు వల్ల అని తర్వాత పరిశీలించినవాళ్లు అంటారు.

రేనోకి నువ్వు నాలుగు వాక్యాలే ఇచ్చావు. సగం వ్యాసం ఇవ్వు! 1892 అక్టోబరు 28న ప్యారిస్‌లోని గ్రేవాన్ మ్యూజియంలో ఆయన ప్రదర్శన మొదలైంది. చేత్తో రంగులు వేసిన బొమ్మల పొడవాటి పట్టీ, దానికి బెజ్జాలు. తెర వెనక నిలబడి ఆయనే చక్రాలు తిప్పేవాడు. వెనకదృశ్యం వేరే లాంతరులోంచి పడేది. అక్కడ చూపిన 'పూర్ పియెరో' అనే కథలో ఉన్నవి 500 బొమ్మలే. వాటిని ముందుకీ వెనక్కీ తిప్పుతూ, ఆపుతూ, సుమారు పావుగంట నడిపేవాడు. కర్ర దెబ్బ పడే చోట పట్టీకి అమర్చిన లోహపు ముక్క విద్యుదయస్కాంతాన్ని పనిచేయిస్తే చప్పుడు వచ్చేది. పియానో సరేసరి. దీన్ని 'మొదటి యానిమేషన్ సినిమా' అని రాస్తే ఆ మనిషి చేతులే మాయమైపోతాయి. పైగా ఈ ప్రదర్శనలు 1900 దాకా నడిచాయి, అంటే లూమియేర్లు వచ్చాక కూడా.

తోలుబొమ్మలాటే సినిమాకు తల్లి అన్న నీ పేరా చప్పట్లు కొట్టించుకుంటుంది, నిజమే. కానీ ఆధారం లేదు. మన బొమ్మ నిజంగానే కదులుతుంది, ఆడించేవాడి చేయి కదిలిస్తే. ప్లాటో చక్రం మీది బొమ్మ ఒక్కటీ కదలదు. తెర వెనక మనిషి ఉంటాడు కాబట్టి రేనోతో పోలిక చెప్పుకోవచ్చు, బాగుంటుంది కూడా. చుట్టరికం మాత్రం కలపకు.

రేనో తన పట్టీల్లో చాలావాటిని సీన్ నదిలో పడేశాడు. 1918లో పోయాడు. ఆ నది దగ్గర వ్యాసం ముగించాలని నీకు గట్టిగా అనిపిస్తుంది, అందరికీ అనిపిస్తుంది. అక్కడ ముగించకు. మధ్యలో ఒక్క వాక్యంలో చెప్పేసి, మిగిలిన రెండు పట్టీలు, 'పూర్ పియెరో', 'ఒటూర్ ద్యూన్ కాబిన్', వాటిలో ఏముందో రాయి.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య