మేకల పెంపకం నేర్చుకోవడానికి నెల ఖర్చంత ఫీజు కట్టొచ్చా?

ప్రశ్న: మేమిద్దరం ఉద్యోగులం. ఏడాది ఇంటి ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. జీవాలను హింసించకుండా, చిన్న స్థాయిలో మేకలు పెంచాలని కోరిక. ఒక ఫారంలో ఐదు రోజులు చేత్తో పని చేయించి నేర్పే వర్క్‌షాప్ ఉంది. ఫీజు మా నెల ఖర్చంత. అది నేర్చుకుని, కొంత అప్పు కూడా తీసుకుని 20 మేకలు కొందామనుకుంటున్నాం. సరైన నిర్ణయమేనా?

జవాబు: వర్క్‌షాప్‌కు వెళ్లండి. అప్పు వద్దు. 20 మేకలతో కాదు, ఐదింటితో మొదలుపెట్టండి.

ముందు అప్పు సంగతి. పెద్ద ఆడమేకలనే కొన్నా, తొలి ఆదాయం చేతికి రావడానికి సుమారు 14 నెలలు పడుతుంది. కొత్తగా తెచ్చిన వాటిని నెల రోజులు విడిగా ఉంచాలి. ఎదకు (జతకు సిద్ధమయ్యే దశకు) వచ్చి చూలు కట్టడానికి రెండు నెలలు పట్టొచ్చు. ఎద దాదాపు 21 రోజులకోసారి వస్తుంది కాబట్టి ఒకసారి గమనించకపోతే మూడు వారాల మేత ఖర్చు అదనం. చూలు ఐదు నెలలు, పుట్టిన పిల్లలు అమ్మకానికి ఎదగడానికి కనీసం ఆరు నెలలు. అప్పు వాయిదా మాత్రం మొదటి నెల నుంచే కట్టాలి. ఆ ఒత్తిడిలో మనిషి చేసేది ఇదే: నిండా ఎదగని పిల్లల్ని అమ్మడం, తర్వాత చూడి మేకల్ని అమ్మడం, వైద్యుణ్ణి పిలవడం వాయిదా వేయడం. జీవాల పట్ల క్రూరత్వం చాలాసార్లు చెడ్డ మనసు వల్ల కాదు, నగదు లేక మొదలవుతుంది.

ఇక మీ 12 నెలల పొదుపు. ఇందులో ఆరు నెలల ఖర్చును అస్సలు ముట్టుకోవద్దు, అది మీ ఇంటిది. మిగిలిన ఆరులో ఒకటి ఫీజు. ఉన్న ఐదులో జీవాలకు ఒకటిన్నర, కొట్టానికీ కంచెకూ ఒకటి, మేతకు ఒకటిన్నర, వైద్యానికి అర, ఊహించని వాటికి అర. చాలామంది జీవాల ధరతో లెక్క మొదలుపెట్టి, మిగిలింది మేతకు సర్దుతారు. లెక్క మేతతోనే మొదలవ్వాలి. మీరుండే చోట ఆ ఒకటిన్నరకు ఎన్ని మేకల మేత వస్తే అన్నే కొనండి. ఐదింటికి చాలకపోతే మూడు కొనండి. ఒంటరిగా ఒక్క మేకను మాత్రం ఉంచకండి, అది మందలో బతికే జీవి, బెంగపెట్టుకుంటుంది.

మేత లెక్క ఇలా ఉంటుంది. 30 కిలోల మేకకు రోజుకు సుమారు 1.1 కిలోల ఎండు పదార్థం (మేతలో నీరు పోగా మిగిలేది) కావాలి. పచ్చిగడ్డిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు నీరే. అంటే ఐదు కిలోల పచ్చిమేత వేస్తే అందేది ఒక కిలో. పచ్చిమేత తూకాన్నే తిండిగా లెక్కేసుకోవడం కొత్తవాళ్లు ఎక్కువగా చేసే తప్పు, అనుకున్నదానికంటే చాలా ముందే మేత అయిపోతుంది. ఐదు మేకలకు రోజుకు ఐదున్నర కిలోల ఎండు పదార్థం, 14 నెలలకు సుమారు 2,300 కిలోలు. పిల్లలు తినేది, వృథా అయ్యేది కలిపితే 3 టన్నుల దాకా వెళ్తుంది. కింద పడి, కాళ్ల కింద నలిగిన మేతను మేక ముట్టదు. అందుకే మేక ఛాతీ ఎత్తున మేత తొట్టి కట్టించడం ఖర్చు కాదు, పొదుపు.

ఎక్కడ తగ్గించినా చూలు చివరి ఆరు వారాల్లో మేత తగ్గించకండి. పిల్ల ఎదుగుదలలో అధిక భాగం అప్పుడే జరుగుతుంది. కడుపులో చోటు తగ్గి మేక తక్కువ తింటుంది కాబట్టి తినే కాస్తలో బలం ఉండాలి. లేదంటే ఒంట్లో కొవ్వు కరిగి, తల్లి నీరసించి పడిపోతుంది, చాలాసార్లు తల్లీ పిల్లా ఇద్దరూ పోతారు. అలాగని దాణా ఒక్కసారిగా పెంచినా కడుపు పులిసి ప్రాణం మీదకు వస్తుంది. వారం పది రోజుల్లో కొద్దికొద్దిగా పెంచాలి.

వైద్యం డబ్బు విడి ఖాతాలో ఉంచండి. కష్టమైన ఈతకు (ప్రసవానికి) వైద్యుడి ఖర్చు కొన్నిసార్లు మేక ధరను మించుతుంది. ఆ రాత్రి కూర్చుని లాభనష్టాలు బేరీజు వేసుకునే పరిస్థితి ఉండకూడదు. బతికే అవకాశం లేని జీవాన్ని నొప్పి లేకుండా సాగనంపే ఖర్చు కూడా ఇందులోదే.

ఫీజుకు తగ్గ చదువు దొరుకుతుందా అన్నది కట్టే ముందే తేల్చుకోండి. రోజుల సంఖ్య కాదు, మీ చేతులు ఏం చేస్తాయో అడగండి. గిట్టలు మీరే కత్తిరిస్తారా? కనురెప్ప లోపలి రంగు చూసి, రక్తం పీల్చే నట్టల (కడుపులోని పురుగుల) వల్ల ఏ మేక పాలిపోయిందో గుర్తుపట్టడం చూపిస్తారా? నట్టల మందు జీవాన్ని తూచి పట్టిస్తారా, లేక అందాజాగానా? తక్కువ మోతాదు పదేపదే పడితే నట్టలకు ఆ మందు పనిచేయడం మానేస్తుంది. మందు పట్టేటప్పుడు తల బాగా పైకెత్తితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఇది మాటలతో రాదు, పక్కన నిలబడి సరిదిద్దేవాళ్లు కావాలి. రెండున్నర కిలోల పిల్లకు తొలి రోజు సుమారు పావు లీటరు ముర్రుపాలు, అందులో మొదటి విడత గంటా రెండు గంటల్లోపే అందాలి. చీకలేని పిల్లకు ఎలా పట్టించాలో నేర్పకపోతే ఆ వర్క్‌షాప్ సగమే. వీలైతే ఈతల కాలంలో జరిగేదాన్నే ఎంచుకోండి. ఒక శిక్షకుడి చుట్టూ ముప్ఫైమంది నిలబడే చోట మీరు చూస్తారు తప్ప చేయరు.

మరో రెండు విషయాలు. గత ఏడాది ఎన్ని పిల్లలు పుట్టాయి, ఎన్ని చనిపోయాయి, ఎందుకు అని రాసిన పుస్తకం చూపించమనండి. చూపించడానికి ఇష్టపడని చోట ఫీజు కట్టకండి. బయట చెప్పులతో నేరుగా కొట్టంలోకి రానిచ్చినా అంతే, రోగాల పట్ల జాగ్రత్త లేనివాళ్లు మీకు జాగ్రత్త నేర్పలేరు.

పోతును (మగమేకను) కొనకండి. ఒక పోతు 20 నుంచి 25 ఆడమేకలకు చాలు, ఐదింటి కోసం ఏడాదంతా మేపడం దండగ. అవసరమైనప్పుడు పరీక్షలు చేయించిన మంద నుంచే తెచ్చుకోండి. ఊరికే వస్తుందని ఎక్కడిదో తెస్తే రోగం కూడా వస్తుంది.

మంద పెంచడం రెండో ఈత తర్వాత ఆలోచించండి. అప్పటికి మేత, వైద్యం ఖర్చులు మీ జీతంలోంచి తీయకుండా జరుగుతుంటే, మీ కొట్టంలో పుట్టిన ఆడపిల్లల్నే ఉంచుకుని పెంచండి. బయటి జీవాన్ని కొన్న ప్రతిసారీ నెల రోజులు విడిగా ఉంచడం, దాని ఖర్చు మళ్లీ మొదటికొస్తాయి.