చిన్న స్కూల్ పేరెంట్స్ గ్రూప్‌కి ఫండ్స్: కొనేవాళ్ళు గేటు బయట ఉండాలి

నూటయాభై మంది కూడా లేని స్కూలు, లైబ్రరీకి పుస్తకాలు కావాలి, ఒక ప్రొజెక్టర్ కావాలి, మేనేజ్‌మెంట్ మా దగ్గర లేవంటోంది, పేరెంట్సే ఏదో ఒకటి చేసి డబ్బులు కూడబెట్టాలంటే ఏం చెయ్యాలి అని అడిగారు కదా. మాదీ అలాంటిదే, బెంగళూరులో వైట్‌ఫీల్డ్ వైపు చిన్న స్కూలు, గ్రూప్‌లో లెక్కలు నేనే చూస్తా. మా సొంతూరు హిందూపురం, గ్రూప్‌లో సగం మంది తెలుగువాళ్ళే, మిగతావాళ్ళు కన్నడ, తమిళం.

ఐడియాలు వెతికే ముందు కొనేవాళ్ళు ఎవరో చూసుకోండి. యాన్యువల్ డే ఫుడ్ స్టాల్ అంటే అందరికీ హుషారే, కానీ అమ్మేదీ మనమే కొనేదీ మనమే. ఒకావిడ ఐదొందల సరుకు పోసి నెయ్యి కారేలా కేసరి చేసుకొస్తుంది, అది నాలుగొందలకి అమ్ముడుపోతుంది, ఫండ్‌కి నాలుగొందలు వచ్చాయని చప్పట్లు కొడతాం, ఆవిడ ఇంట్లోంచి పోయిన ఐదొందలు ఎవరి లెక్కలోకీ రావు. పిల్లలకి సరదా కాబట్టి పెట్టుకోండి, ఫండ్ కోసమైతే వద్దు. స్కూల్‌తో ఏ సంబంధం లేనివాళ్ళు, ఆ వారం ఎలాగూ కొనబోయే వస్తువేదో మన దగ్గర కొనాలి, అప్పుడే నిజంగా డబ్బులు.

మాకు అలా కలిసొచ్చింది సంక్రాంతి ఎళ్ళు బెల్ల. ఇక్కడ కన్నడవాళ్ళ ఇళ్ళల్లో పండక్కి ఇంటింటికీ పంచాల్సిందే, తెల్ల నువ్వులు, బెల్లం ముక్కలు, ఎండుకొబ్బరి, చెనక్కాయ పప్పులు, పుట్నాలు అన్నీ కలిపిన మిక్స్, పైన చక్కెర అచ్చులు. సరుకు పెద్ద ఖరీదేం కాదు, కానీ కొబ్బరికి పైన నల్ల తొక్క గీకి అడకత్తెరతో సన్నగా తరగాలి, బెల్లం కూడా అంతే సైజులో కొట్టాలి, అంత ఓపిక ఉద్యోగాలు చేసుకునేవాళ్ళకి ఎక్కడ, అందుకే గాంధీ బజార్‌లోనూ మల్లేశ్వరంలోనూ రెడీమేడ్‌ది అంతలా అమ్ముడుపోతుంది. అంటే వాళ్ళు కొనేది మన చేతి పనిని, అది మన గ్రూప్‌లో బోలెడుంది. అమ్మమ్మలు, నానమ్మలు పోటీపడి తరిగారు, స్కూల్ పనికి వాళ్ళనెవరూ ఎప్పుడూ పిలవలేదు పాపం. సరుకు యశ్వంతపుర ఏపీఎంసీ యార్డ్ నుంచి హోల్‌సేల్‌లో తెప్పించాం. జాగ్రత్త పడాల్సింది బెల్లంతోనే, ముక్కలు బాగా ఎండకపోతే చెమ్మ పట్టి నువ్వులన్నీ ముద్దకట్టి ప్యాకెట్ చూడ్డానికే బాగోదు, అందుకని కొబ్బరి, బెల్లం వేరువేరుగా డాబా మీద ఎండబెట్టి ప్యాకింగ్ రోజే కలపండి. లేబుల్ మీద ‘ఎళ్ళు బెల్ల తిందు ఒళ్ళె మాతాడు’ (నువ్వులు, బెల్లం తిని మంచి మాటలాడు) అని కన్నడలో వేయించాం, పక్కింటి ఆంటీలు అది చూసే ఇంకో రెండు తీసుకున్నారు. ఆర్డర్లు ముందే వాట్సాప్‌లో తీసుకుని డబ్బులు కూడా అప్పుడే వేయించుకోండి, పండగ మర్నాడు మిగిలిన ప్యాకెట్‌ని అడిగేవాడు ఉండడు. తినేది అమ్ముతున్నాం కాబట్టి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ సంగతి కూడా ముందే చూసుకోండి, మా గ్రూప్‌లో ఇంటి దగ్గర క్యాటరింగ్ చేసే ఒకావిడకి ఉంది, వంట, ప్యాకింగ్ అంతా ఆవిడ దగ్గరే జరిగింది.

ఉగాదికి బొబ్బట్లు అంటారు ఎవరో ఒకరు, నేనైతే వద్దంటా, వేడివేడిగా ఇవ్వాలి, ఆ రోజు అందరికీ ఇంట్లో పండగ, చేసేదెవరు.

రెండోది రద్దీ, అంటే పాత పేపర్లు, అట్టలు అమ్మడం. అపార్ట్‌మెంట్లలో పాత పేపర్లు, అమెజాన్ అట్టపెట్టెలు గుట్టలుగా పడుంటాయి, అసోసియేషన్‌ని అడిగి ఒక ఆదివారం పొద్దున కింద టేబుల్ వేసుకుని కూర్చుంటే వాళ్ళే తెచ్చి పడేస్తారు. కానీ రద్దీ అంగడివాడి త్రాసుని నమ్మొద్దు. లగేజీ తూచే చిన్న హుక్ మిషన్ ఉంటుంది కదా, కట్ట కట్టగానే దాంతో తూచి కట్ట మీదే స్కెచ్ పెన్‌తో బరువు రాసేస్తే అతనింక మాట్లాడడు. పెద్ద మొత్తం రాదు గానీ పెట్టుబడి సున్నా.

పొట్టైపోయిన యూనిఫాంలు, బ్లేజర్లు ఎండాకాలం సెలవుల చివర్లో సేల్ పెట్టొచ్చు. ఇది లోపలి డబ్బే, కానీ కొన్నవాళ్ళకీ మిగులుతుంది కాబట్టి ఎవరికీ బాధుండదు. కొన్ని స్కూళ్ళకి ఇది నచ్చదు, ఎందుకో మీకు తెలుసు, యూనిఫాం అమ్మే అంగడి ఎవరిదో కనుక్కోండి.

లక్కీ డిప్ టికెట్ల జోలికి మాత్రం వెళ్ళకండి. ఫారిన్‌లో స్కూళ్ళు రాఫిల్ పెడతాయని చదివి ఎవరో ఒకరు అంటారు, కర్ణాటకలో 2007 నుంచే లాటరీలు బంద్, ఫండ్ సంగతి దేవుడెరుగు, లేనిపోని తలనొప్పి.

ఇక డొనేషన్లు. స్కూల్ నడిపే ట్రస్ట్‌కి 80జీ (డొనేషన్ ఇచ్చినవాళ్ళకి ట్యాక్స్ మినహాయింపు) ఉందా కనుక్కోండి, ఉంటే రసీదు వాళ్ళ పేరు మీదే ఇప్పించండి, 2,000 రూపాయలు దాటిన క్యాష్‌కి మినహాయింపు రాదు కాబట్టి ట్రాన్స్‌ఫరే చేయమనండి. కానీ ట్యాక్స్ తగ్గుతుందని చెప్పి అడిగితే ఇప్పుడు పెద్దగా పనిచెయ్యట్లేదు, జీతగాళ్ళు చాలామంది కొత్త ట్యాక్స్ రెజీమ్‌లోకి వెళ్ళిపోయారు, అందులో 80జీ లేదు. దానికంటే మీ పేరెంట్స్ పనిచేసే కంపెనీల్లో మ్యాచింగ్ ఉందేమో అడగండి, ఉద్యోగి ఎంత ఇస్తే కంపెనీ అంత కలుపుతుంది, రిజిస్టరైన ట్రస్టులకే ఇస్తారు. సీఎస్ఆర్ (కంపెనీలు సమాజ సేవకి పెట్టే డబ్బు) అని మాత్రం ఆశ పెట్టుకోకండి, 2021 ఏప్రిల్ నుంచి తీసుకునే సంస్థ సీఎస్ఆర్-1 ఫారం వేసి నంబర్ తెచ్చుకోవాలి, అదంతా చేసినా ఫీజులు తీసుకునే చిన్న ప్రైవేట్ స్కూల్ వైపు కంపెనీలు చూడవు. గవర్నమెంట్ స్కూలైతే కథ వేరు, అక్కడ ఎస్‌డీఎంసీ (స్కూల్ అభివృద్ధి కమిటీ) ద్వారా అడిగితే వినేవాళ్ళుంటారు.

డబ్బులు ఎవరి సొంత ఫోన్‌పేలోకీ రానివ్వకండి. గ్రూప్ పేరు మీద అకౌంట్ కావాలంటే సొసైటీగా రిజిస్టర్ చేసుకోవాలి, కర్ణాటక సొసైటీల 1960 చట్టం కింద కనీసం ఏడుగురు మెంబర్లు ఉంటే చాలు, కానీ మీరున్న సైజుకి అది బరువేమో, స్కూల్ అకౌంట్‌లోకే వేయించి ఖర్చుకి ఇద్దరు పేరెంట్స్ సంతకం ఉండేలా రాయించుకోండి. వచ్చిందీ పోయిందీ ప్రతి ఆదివారం గ్రూప్‌లో ఫొటో తీసి పెట్టేయండి, అడిగే దాకా ఆగొద్దు. ఎవరెంత ఇచ్చారన్న లిస్టు మాత్రం ఎప్పుడూ పెట్టొద్దు, ఇవ్వలేనివాళ్ళు మీటింగులకి రావడం మానేస్తారు, మీకు కొబ్బరి తరగడానికి కావాల్సింది వాళ్ళే.

ప్రొజెక్టర్‌కి డబ్బులు కూడబెట్టే ముందు ఇంకొకటి, మీ పేరెంట్స్‌లో ఐటీవాళ్ళుంటే ఆఫీసులో ఐటీ టీమ్‌ని, ఫెసిలిటీస్ వాళ్ళని ఒకసారి అడగమనండి. మీటింగ్ రూముల్లో పెద్ద టీవీలు పెట్టాక పాత ప్రొజెక్టర్లు స్టోర్‌లో దుమ్ము కొట్టుకుని ఉంటాయి, స్కూల్ లెటర్‌హెడ్ మీద ఒక రిక్వెస్ట్ తీసుకెళ్తే కొన్ని కంపెనీలు ఇస్తాయి. తెచ్చేటప్పుడు ల్యాంప్ ఇప్పటికే ఎన్ని గంటలు వాడారో మెనూలో చూసుకోండి, కొత్త ల్యాంప్ రేటు వింటే మళ్ళీ ఎళ్ళు బెల్ల సీజన్ దాకా ఆగాల్సొస్తుంది.