సొంత తిండికి కోళ్లు పెంచుకుంటే పక్కాయన కేసు పెట్టగలడా?

సందేహం: పొలంలో ఉన్న పాత పెంకుటిల్లు కొనుక్కుని నేనూ నా భార్యా అక్కడే ఉంటున్నాం. గుడ్లకీ కూరకీ పనికొస్తాయని ముప్పై దాకా నాటుకోళ్లు పెంచుతున్నాం, బయటికి అమ్మడం లేదు. గట్టు అవతల ఈ మధ్యే ఇల్లు కట్టుకున్నాయన కూతలు, కంపు భరించలేకపోతున్నానని, కోళ్లు తీసేయకపోతే పోలీసు కేసు పెడతానని అంటున్నారు. ఇంట్లో కోడిని కోయడం కూడా నేరమేనట. మేమే కదా ముందు వచ్చింది? ఇంకొకటి, ముంగిసలు పిల్లల్ని ఎత్తుకుపోతున్నాయి, ఉచ్చు పెట్టొచ్చా?

జవాబు: మీ తిండికి కోళ్లు పెంచుకోవడం నేరం కాదండీ, కోసుకోవడమూ నేరం కాదు. జంతు హింస నిరోధక చట్టం, 1960లో సెక్షన్ 11 ఆహారం కోసం చంపడాన్ని మినహాయించింది, అనవసరంగా బాధపెట్టకూడదు అంతే. అయితే మున్సిపల్ పరిధిలో లైసెన్సున్న కబేళాలో తప్ప ఆహారానికి జంతువుల్ని వధించకూడదని 2001 నాటి రూల్స్ ఉన్నాయి. మీది పొలం కాబట్టి పంచాయతీ కిందే ఉండొచ్చు, కానీ ఊళ్లను మున్సిపాలిటీల్లో కలిపేయడం మామూలైపోయింది, ఒకసారి కనుక్కోండి. ప్రాణంతో ఉన్న కోడిని ఒకరికి ఇవ్వడం వేరు, కోసి శుభ్రం చేసి మాంసంగా అమ్మడం వేరు. రెండోది మొదలుపెడితే ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద రిజిస్ట్రేషన్ తీసుకోవాల్సిందే.

ఇక "మేమే ముందు వచ్చాం" అన్న మాట. దాని మీద ఎక్కువ ధీమా పెట్టుకోకండి. 1879లో ఇంగ్లండ్‌లో స్టర్జెస్ వర్సెస్ బ్రిడ్జ్‌మన్ అని ఒక కేసు, లా చదివిన ప్రతివాడికీ తెలిసిందే. ఒక మిఠాయి వ్యాపారి ఇరవై ఏళ్లకు పైగా తన వంటింట్లో పెద్ద రోళ్లతో దంచుకుంటున్నాడు, ఎవరికీ ఇబ్బంది లేదు. పక్కింటి డాక్టరు తన పెరడు చివర ఆ గోడకే ఆనించి రోగుల్ని చూసే గది కట్టుకుని, ఆ మోతకు పని సాగడం లేదని కోర్టుకెళ్లాడు. డాక్టరే గెలిచాడు. మరి ఆ గది కట్టింది ఎవరండీ అని మీకు అనిపించొచ్చు, నాకూ అనిపిస్తుంది, కానీ న్యూసెన్స్ వ్యవహారాల్లో ఎవరు ముందు వచ్చారన్నదాని కంటే ఇప్పుడు ఇబ్బంది ఎంత ఉందన్నదే చూస్తారు.

ఆ కేసులోనే మీకు పనికొచ్చే మాట కూడా ఉంది. ఏది న్యూసెన్స్ అన్నది ఆ చోటుని బట్టి ఉంటుంది. పొలాల మధ్య కోడి కూసిందని కోర్టు మీ కోళ్లను తీసేయమనడం కష్టం. మీకు తంటా తెచ్చేది కూత కాదు, కంపు. నీళ్ల తొట్టి చుట్టూ తడిసిన ఊక, దాంట్లో కలిసిన పెంట, వారం వదిలేస్తే ముక్కు మండుతుంది. కాబట్టి గూడు ఆయన కిటికీ వైపు నుంచి జరపండి, తడి ఊక ఎప్పటికప్పుడు తీసేయండి, తేదీ పడేలా ఫొటోలు తీసి పెట్టుకోండి. రేపు కోర్టులో మాట్లాడేది ఆ ఫొటోలే.

పోలీసు కేసు అన్నది చాలావరకు బెదిరింపే. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 292 కింద న్యూసెన్స్‌కి జైలు లేదు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, అది కూడా పదిమందికి ఇబ్బంది అయితేనే. తహసీల్దారో ఆర్డీవోనో మెజిస్ట్రేట్ హోదాలో భారతీయ నాగరిక సురక్ష సంహిత (బీఎన్ఎస్ఎస్, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చింది) సెక్షన్ 152 కింద నోటీసు ఇవ్వగలరు, అదీ పదిమంది విషయమే. ఒక్కాయన ఇబ్బందికి దారి సివిల్ కోర్టులో ఇంజంక్షన్, అంటే ఇబ్బంది ఆపమనే ఉత్తర్వు. కోపంతో ఆయన మీ కోళ్లకు మందు పెడితే మాత్రం న్యాయ సంహిత సెక్షన్ 325 కింద ఐదేళ్ల దాకా జైలు ఆయనకే.

ఉచ్చు పెట్టకండి. ముంగిసకు వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 రక్షణ ఉంది, కోళ్లను తింటోందన్నది చట్టానికి కారణం కాదు. సన్న కన్ను జాలీ కొని గూడు అడుగున నేలలోకి కూడా దించి కట్టండి. కంచెకు కరెంటు పెడతారేమో, ఆ ఆలోచనే వద్దు, దానికి తగిలి మనిషి పోతే న్యాయ సంహిత సెక్షన్ 106 (నిర్లక్ష్యంతో మరణం) తక్కువలో తక్కువ, అది కూడా ఐదేళ్ల దాకా జైలు పడే కేసు.

కోళ్లు ఒకేసారి నాలుగైదు చనిపోతే మాత్రం దాచిపెట్టకండి. బర్డ్ ఫ్లూ లాంటి రోగాల అనుమానం ఉంటే పంచాయతీకి చెప్పాల్సిన బాధ్యత 2009 నాటి చట్టం యజమాని మీదే పెట్టింది. రోగంతో పోయిన కోడిని కాలువలో పడేయడం కూడా తప్పే, లోతుగా గొయ్యి తీసి సున్నం చల్లి పూడ్చండి.

ముందు ఆయనతో కూర్చుని మాట్లాడండి, గూడు జరుపుతున్నానని చెప్పి ఆ మాట వాట్సాప్‌లో కూడా పెట్టండి. నోటీసు వస్తే గడువులోగా జవాబివ్వండి, దాని కవరు పారేయకండి, పోస్టల్ ముద్ర తేదీ దాని మీదే ఉంటుంది.