టెక్ సందేహాలు: ‘30 కౌంట్’ అంటే ఏఐకి ఏం తెలుసు?

ప్రశ్న: రొయ్యలు కొనే వ్యాపారికి చిన్న సాఫ్ట్‌వేర్ రాసిచ్చానండి. కౌంట్, బరువు, తేదీ ఇస్తే ఆ రోజు ధర చెబుతుంది, బిల్లు కూడా వేస్తుంది. ఎంసీపీ (ఏఐని బయటి సాఫ్ట్‌వేర్లకు కలిపే పద్ధతి) సర్వర్ పెట్టి దాన్ని ఏఐ ఏజెంట్‌కు, అంటే మన తరఫున పనులు చేసిపెట్టే ఏఐకి కలిపాను. ‘30 కౌంట్, రెండు టన్నులు’ అంటే ఒక్కోసారి 30 కిలోలకు లెక్క కడుతోంది. ధర అడిగితే ఏకంగా బిల్లే సేవ్ చేసేస్తోంది. ఇంకా ఖరీదైన మోడల్‌కు మారమంటారా?
- ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: మారకండి, ఆ డబ్బు దాచుకోండి. మీరు పంపిన టూల్ (ఏఐ పిలిచి వాడుకునే మీ సాఫ్ట్‌వేర్ పని) వివరణ చదివాను. టూల్ పేరు ‘ప్రాసెస్’. వివరణ ‘రొయ్యల డేటాను ప్రాసెస్ చేస్తుంది’. ఇన్‌పుట్లు ‘సి’, ‘క్యూ’, ‘డి’, ఇవి కాక 1 లేదా 2 అని ఒక ‘మోడ్’. ఇది చూసి మనిషైనా బిల్లు వేయలేడు.

ఆంత్రోపిక్ 2024 నవంబరులో తెచ్చిన ఎంసీపీ అయినా, అంతకు ముందు నుంచి ఉన్న ఫంక్షన్ కాలింగ్ (మోడల్ చేత బయటి టూల్స్‌ను పిలిపించే పద్ధతి) అయినా మోడల్‌కు అందేవి ప్రధానంగా మూడే: టూల్ పేరు, వివరణ, ఇన్‌పుట్ల స్కీమా (ఏ ఇన్‌పుట్ ఏ రూపంలో ఉండాలో చెప్పే పట్టిక). లోపలి కోడ్‌ను అది చూడదు. మీరు కోడ్‌లో శ్రద్ధగా రాసుకున్న కామెంట్లు దాని కంట పడవు.

ఇక కౌంట్ సంగతి. మీ ఊళ్లో ఎవరిని అడిగినా కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో అదే కౌంటని చెబుతారు. అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది, ధర ఎక్కువ. మిగతా సాఫ్ట్‌వేర్లలో కౌంట్ అంటే మామూలుగా మొత్తం సంఖ్య. మీరు చెప్పకపోతే మోడల్ అటే మొగ్గుతుంది. కాబట్టి ఇన్‌పుట్ పేరును ‘కౌంట్ పర్ కేజీ’గా మార్చి, ఇలా రాయండి: ‘కిలోకు తూగే రొయ్యల సంఖ్య, ఉదాహరణకు 30. బరువు ఇక్కడ ఇవ్వకూడదు.’ బరువుకు ‘వెయిట్ కేజీ’ అని పెట్టి, ‘కిలోల్లో మాత్రమే, టన్నుల్లో చెబితే 1000తో గుణించి ఇవ్వాలి’ అనండి. తేదీ ఏ వరుసలో రాయాలో కూడా చెప్పాలి, లేకపోతే 03-04 అన్నది మార్చి 4 అవుతుందో ఏప్రిల్ 3 అవుతుందో దాని ఇష్టం. కౌంట్‌కు కనిష్ఠం, గరిష్ఠం స్కీమాలో పెట్టి, సర్వర్‌లోనూ సరిచూడండి. 2000 కౌంట్ వస్తే గుమ్మంలోనే ఆగుతుంది.

అడగకుండా బిల్లు పడటానికి కారణం ఆ ‘మోడ్’. ధర చూడటం, బిల్లు రాయడం రెండు వేర్వేరు పనులు. వాటిని ‘గెట్ రేట్’, ‘సేవ్ బిల్’ అని రెండు టూల్స్ చేయండి. రెండోదాని వివరణలో ‘ధర మాత్రమే అడిగితే దీన్ని వాడవద్దు’ అని రాయండి. ఏది ఎప్పుడు వాడాలో అందరూ రాస్తారు, ఎప్పుడు వాడకూడదో రాసేవాళ్లు తక్కువ. మొదటి టూల్ చదవడానికే తప్ప దేన్నీ మార్చదని ఎంసీపీలో గుర్తు పెట్టే వీలుంది. అది సూచన మాత్రమే, తాళం కాదు. అందుకే బిల్లు సేవ్ అయ్యే ముందు మనిషి ‘సరే’ అనే మెట్టు మీరే కట్టాలి. నెట్ తెగి జవాబు రాకపోతే ఏజెంట్ అదే బిల్లును మళ్లీ పంపొచ్చు. ఒకే బిల్లు నంబరు రెండోసారి వస్తే కొత్త బిల్లు పుట్టకూడదు.

ఎర్రర్ సందేశాలు కూడా వివరణలో భాగమే. మీ టూల్ ‘ఎర్రర్ 7’ అంటుంది. దానితో ఏజెంట్ ఏం చేస్తుంది, ఊహిస్తుంది. ‘ఈ రోజు 30 కౌంట్ ధర ఇంకా ఎక్కించలేదు. 40, 50, 60 కౌంట్ల ధరలున్నాయి. యూజర్‌ను అడగండి, అంచనా వేయవద్దు’ అని పంపి చూడండి. నా ఉద్దేశంలో అన్నిటికన్నా త్వరగా ఫలితమిచ్చే మార్పు ఇదే.

అలాగని పేజీలు నింపకండి. టూల్ వివరణలు సాధారణంగా ప్రతి సంభాషణలోనూ మోడల్‌కు వెళ్తాయి, ఆ టోకెన్లకు (మోడల్ చదివే మాటల ముక్కలు, ధర వీటి లెక్కనే) బిల్లు మీకే వస్తుంది. రాశాక వ్యాపారి వాట్సాప్‌లో నిజంగా పంపే మాటలతోనే పరీక్షించండి. మీరు కూర్చుని తయారుచేసిన చక్కటి వాక్యాలు ఎలాగూ పాసవుతాయి.

ప్రశ్న: మా రైస్ మిల్లు సాఫ్ట్‌వేర్ హెల్ప్ అంతా స్క్రీన్‌షాట్ల పీడీఎఫ్. ఏజెంట్‌కు సరిపోతుందా?
- తణుకు

జవాబు: బొమ్మలు చదవగల మోడళ్లున్నాయి కానీ, ‘ఎర్ర బాణం ఉన్నచోట నొక్కండి’ అన్న హెల్ప్, స్క్రీన్ చూడకుండా ఏపీఐ (సాఫ్ట్‌వేర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి) పిలిచే ఏజెంట్‌కు పనికిరాదు. మామూలు టెక్స్ట్‌లో, మార్క్‌డౌన్‌లో (శీర్షికలు, జాబితాలకు చిన్న గుర్తులు పెట్టే టెక్స్ట్ పద్ధతి) తిరగరాయండి. మీ లెక్కలో బస్తా అంటే 75 కిలోలైతే ఆ మాట మొదట్లోనే ఉండాలి. వెబ్‌సైట్‌లో ఏముందో ఏఐ మోడళ్లకు చెప్పే ‘ఎల్ఎల్ఎమ్స్ డాట్ టీఎక్స్‌టీ’ ఫైలు పెట్టొచ్చు. ఏఐ పరిశోధకుడు జెరెమీ హోవర్డ్ 2024 సెప్టెంబరులో చేసిన ప్రతిపాదన అది. ప్రతి ఏజెంటూ దాన్ని వెతుక్కుంటూ వస్తుందనుకోకండి.

ప్రశ్న: టూల్ వివరణలు తెలుగులో రాయొచ్చా? మాది కొబ్బరి వ్యాపారం.
- అంబాజీపేట

జవాబు: రాయొచ్చు, పెద్ద మోడళ్లకు అర్థమవుతుంది. అయితే అదే విషయానికి తెలుగులో సాధారణంగా టోకెన్లు ఎక్కువ పడతాయి. వివరణ ఇంగ్లిష్‌లో రాసి, మీ ఖాతాదారులు వాడే ‘పచ్చికాయ’, ‘కురిడీ’ లాంటి మాటలను ఉదాహరణలుగా తెలుగు లిపిలోనే ఉంచండి. ఒక్కోదాని పక్కన అది ఏ సరుకో, కాయల లెక్కన అమ్ముతారో బరువు లెక్కనో ఒక వాక్యం రాస్తే చాలు.