లీచేట్‌లో పీఫాస్: నమూనా ఎలా తీయాలి?

ప్రశ్న: చెత్త గుట్ట కింద ఊరే నల్లనీటిలో (లీచేట్) పీఫాస్, అంటే ప్రకృతిలో సులభంగా విరగని ఫ్లోరిన్ రసాయనాలు, ఉన్నాయేమో చూడాలి. గాజు సీసా సరిపోతుందా?

జవాబు: వద్దు. హెచ్‌డీపీఈ (గట్టి ప్లాస్టిక్) సీసా వాడండి, మూతలో టెఫ్లాన్ పొర ఉండకూడదు. టెఫ్లాన్ కూడా పీఫాస్ కుటుంబానిదే. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 1633 పద్ధతిలో లీచేట్ 100 మిల్లీలీటర్లు, మురుగునీరు 500 మిల్లీలీటర్లు చాలు. నిండా పోయకండి, భుజం దాకానే. ఈ రసాయనాలు సీసా గోడకు అంటుకుంటాయి. మరో సీసాలోకి ఒంపితే కొంత అక్కడే మిగిలి ఫలితం తగ్గుతుంది. అందుకే ల్యాబ్ సీసా మొత్తాన్ని వాడి, మెథనాల్‌తో కడిగి ఆ కడుగునూ కలుపుతుంది.

నైట్రైల్ గ్లోవ్స్ తొడుక్కోండి, వాటర్‌ప్రూఫ్ జాకెట్ వద్దు, దాని పూతలోనూ పీఫాస్ ఉండొచ్చు. కొలత లీటరుకు నానోగ్రాముల్లో మరి! ల్యాబ్ ఇచ్చిన శుద్ధజలాన్ని అక్కడే ఒక ఖాళీ సీసాలో పోసి పంపండి. అందులోనూ పీఫాస్ తేలితే అనుమానించాల్సింది గుట్టను కాదు, మీ చేతులను.

మట్టికైతే పైపొర ఆకులూ రాళ్లూ తీసేసి స్టీలు గరిటెతో తవ్వండి. అన్నీ ఐసులో పంపాలి.