లాప్‌టాప్ విప్పే ముందు, బుజ్జీ

ఒరేయ్ బుజ్జీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. "వదినా, మీ మేనల్లుడు పాత లాప్‌టాప్‌లో విండోస్ పీకేసి లినక్స్ అంట, అదేదో ఎక్కిస్తాడంట, మీరైనా కాస్త చెప్పండి" అంది. చెప్పడమంటే వద్దని చెప్పమని. నాకేమో ఫోన్ పెట్టేశాక కాసేపు ఒకటే సంతోషం, ఆ తర్వాత టెన్షన్ పట్టుకుని నిద్ర పట్టలేదు.

నీ ఆలోచన సరైనదే. విండోస్ బదులు కంప్యూటర్‌ని నడిపే ఉచిత సిస్టమేగా లినక్స్. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది, 11 పెట్టాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ప్రాసెసర్ కొత్త తరానిది కావాలి, మీ 2013 మోడల్‌కి ఆ యోగం లేదు. కొత్తది కొనిపెట్టమని మీ నాన్న ప్రాణం తీయకుండా ఉన్నదాన్ని బాగు చేసుకుంటానన్నావు చూడు, అది నాకు నచ్చింది.

4 జీబీ ర్యామ్ కాబట్టి లినక్స్ మింట్‌లో తేలికగా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ రకం తీసుకో, అందంగా ఉందని బరువైన సినమన్ రకం జోలికి పోకు. ఏది పెట్టినా బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు తెరిస్తే మాత్రం మూలుగుతుంది, అది లినక్స్ తప్పు కాదు. 8 జీబీ పెన్‌డ్రైవ్, దాని మీదికి లినక్స్ ఎక్కించే రూఫస్, పెన్‌డ్రైవ్ నుంచి నడవాలంటే స్టార్ట్ అయ్యేటప్పుడు ఎఫ్12 గానీ ఎస్కేప్ గానీ, కంపెనీని బట్టి. ఇవన్నీ నాకంటే నీకే బాగా తెలుసు. వైఫై దొరక్కపోతే కంగారు పడకు, ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వస్తుంది, డ్రైవర్ మేనేజర్ మిగతాది చూసుకుంటుంది.

ఇక అసలు సంగతి. మీ నాన్న నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

2010 ప్రాంతం. తెనాలిలో మన డీటీపీ షాపు మంచి ఊపు మీదున్న రోజులు, నువ్వు పేపర్ రీముల మీదికెక్కి దూకేవాడివి. పనంతా పేజీలు కూర్చే పేజ్‌మేకర్‌లో, అను అనే తెలుగు ఫాంట్లతో. కస్టమర్లు తెచ్చే పెన్‌డ్రైవ్‌ల నిండా వైరస్లే, పెట్టగానే ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లు అయిపోయేవి. అప్పట్లో అడిగితే ఉబుంటు అనే లినక్స్ సీడీ పైసా ఖర్చు లేకుండా పోస్టులో వచ్చేది, 2011లో ఆపేశారనుకో. మీ నాన్న ఒకటి తెప్పించుకున్నాడు. "అక్కా, ఒక సిస్టమ్‌లో ఇది వేసి పెన్‌డ్రైవ్‌లు ముందు అందులో తెరుద్దాం, వైరస్ గొడవే ఉండదు" అన్నాడు. తెలివైన ఆలోచన, కాదనలేదు.

ఆ సిస్టమ్‌లో ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారి పుస్తకం ఉంది. ఆయన భార్య ఊరూరా తిరిగి ఆడవాళ్ల దగ్గర రాసుకున్న లాలిపాటలు, పెళ్లిపాటలు. ఆవిడ పోయాక సంవత్సరీకానికి అచ్చేయించాలని ఆయన పట్టుదల. ప్రూఫులు సగం పైగా అయిపోయాయి. మీ నాన్న జాగ్రత్తగానే, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ పెట్టి ఫైళ్లన్నీ అందులోకి పంపాడు. కాపీ కొట్టకుండా కట్ చేసి పేస్ట్ చేశాడు, సిస్టమ్ శుభ్రంగా ఖాళీ అవ్వాలని. ఆ డిస్క్ పీకకుండా అలాగే ఉంచి సీడీ పెట్టాడు. ఏ డిస్క్‌లో వెయ్యాలని అడిగే చోట రెండు వరుసలు కనిపిస్తాయి, ఎస్‌డీఏ, ఎస్‌డీబీ అని డిస్క్‌ల పేర్లు, పక్కన సైజు. ఆ రెండూ 320 జీబీ. ఆఫీసు నుంచి వచ్చి తిండి కూడా తినకుండా కూర్చున్నవాడికి ఏ, బీ తేడా ఏం కనిపిస్తుంది? బీ నొక్కాడు, అది ఫైళ్లన్నీ దాచిన ఎక్స్‌టర్నల్ డిస్కే. గీత కుడివైపుకి పాకుతుంటే ఇద్దరం టీ తాగుతూ చూశాం.

ఏదో రికవరీ సాఫ్ట్‌వేర్‌తో లాగితే పెళ్లిఫొటోలు పేర్లు లేకుండా బోలెడు వచ్చాయి, మాస్టారి పుస్తకం రాలేదు. మీ నాన్నే వెళ్లి చెప్పాడు, నన్ను రావద్దన్నాడు. ఆయన ఒక్క మాట అనలేదట, ఆవిడ నోటుపుస్తకాలు సంచీలో వేసుకుని సాయంత్రానికి షాపుకొచ్చి కూర్చున్నారు. ఆ రోజు నుంచి ఆయన చదవడం, మీ నాన్న టైప్ కొట్టడం, రోజూ రాత్రి షట్టర్ సగం దించి. లాలిపాట చదువుతూ చదువుతూ ఆయన రాగం అందుకునేవారు, వీడు చేతులు ఆపేసి వినేవాడు. పుస్తకం సంవత్సరీకం దాటాకే వచ్చింది. ఇప్పుడు మీ నాన్న కీబోర్డు వైపు చూడకుండా తెలుగు టైప్ చేస్తాడని ఆఫీసులో అందరూ మెచ్చుకుంటారే, అది అప్పుడు వచ్చిన చెయ్యి. నువ్వు ఇది వాడి దగ్గర ఎత్తకు. పాపం, ఇప్పటికీ ఎక్స్‌టర్నల్ డిస్క్ చూస్తే మాట మారుస్తాడు.

అందుకని నువ్వు పాత డిస్క్‌ని చెరపనే వద్దు. దాని బదులు వేగంగా నడిచే కొత్తరకం డిస్క్, ఎస్‌ఎస్‌డీ అంటారు, ఒకటి కొను, రెండున్నర అంగుళాల సాటా రకం, 256 జీబీ చాలు. లాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసేసి, అడుగు మూత విప్పు. మరలన్నీ ఒకే పొడుగు ఉండవు, తెల్లకాగితం మీద లాప్‌టాప్ బొమ్మ గీసి ఏది ఎక్కడిదో అక్కడే పెట్టుకో. పాత హార్డ్‌డిస్క్ తీసి, దాని మీద తేదీ రాసి బీరువాలో పెట్టెయ్. అప్పుడు 'ఎరేజ్ డిస్క్' అని ఎంత ధైర్యంగా నొక్కినా పోయేదేం లేదు, నచ్చకపోతే పాతది బిగిస్తే పాత విండోసే వస్తుంది. పైగా స్పీడు తేడా నీకే తెలుస్తుంది, సగం నత్తనడక ఆ హార్డ్‌డిస్క్ వల్లే. తర్వాత పాత ఫైళ్లు కావాలంటే సాటా టు యూఎస్‌బీ కేబుల్ దొరుకుతుంది. అమ్మ ఫొటోలు మాత్రం అది తీసే ముందే ఇంకోచోటికి కాపీ కొట్టు. కాపీ, విన్నావా?

బ్యాటరీ ఛార్జింగ్ నిలవట్లేదన్నావు కదా, మీ వీధిలో మధ్యాహ్నం కరెంటు తీసే టైములో మొదలుపెట్టకు. కొత్త డిస్క్ మీద మధ్యలో ఆగినా మళ్లీ మొదటి నుంచి వేసుకోవచ్చు, నిజమే. అయినా సరే, ఇన్వర్టర్ ఉన్న గదిలో కూర్చో.

ఇన్‌స్టాల్ చేసే ముందు పెన్‌డ్రైవ్ మీదే నడిపి చూడు. సౌండు, వైఫై, ముఖ్యంగా ప్రింటర్. పాత లేజర్ ప్రింటర్లు కొన్ని లినక్స్‌లో నానా తిప్పలు పెడతాయి. అమ్మ స్కూల్ మార్కుల ఎక్సెల్ లినక్స్‌తో వచ్చే లిబ్రెఆఫీస్‌లో తెరుచుకుంటుంది, రంగులో ఫార్ములాలో అక్కడక్కడ మారితే నువ్వే సరిచేసి పెట్టు, తనని వెతుక్కోమనకు. తెలుగుకి కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు ఉంటుంది, ఇంగ్లీషు అక్షరాలతో కొట్టే అలవాటుంటే ఐబస్ అనే టైపింగ్ సాధనంలో ఆర్‌టీఎస్ పద్ధతి పెట్టు. నాన్న దగ్గర అనులో కొట్టిన పాత ఫైళ్లుంటే అవి ఇందులో పిచ్చి గీతల్లా కనిపిస్తాయి, ముందే యూనికోడ్‌లోకి, అంటే ఏ సిస్టమ్‌లోనైనా చదవగలిగే రూపంలోకి మార్చుకోండి.

ఎస్‌ఎస్‌డీ ఎంతో కనుక్కుని చెప్పు, ఫోన్‌పే చేస్తాను. మీ అమ్మకి తెలిస్తే నేనే ఎగదోశానంటుంది, నీ పాకెట్‌మనీతో కొన్నానని చెప్పు.

మీ అత్త